గోదాం వాసన

సిగార్‌కు చిల్లు పడింది.

గుండుసూది దూరేంత చిల్లు. నవనాథ్ సిగార్‌ను బార్ కౌంటర్ మీదికి తెచ్చి, తెల్లకాగితం పరిచి మెల్లగా తట్టాడు. గోధుమరంగు పొడి రాలింది. ఆ పొడిలోంచి ఆవగింజంత పురుగొకటి బయటపడి, సొంత పొలం గట్టు మీద నడుస్తున్నంత తీరిగ్గా కాగితం అంచుదాకా వెళ్లింది.

నవనాథ్ దాన్ని బొటనవేలితో నలిపేశాడు. నలిపాడే కానీ గుండెల్లో రాయి పడింది. ఒక్క సిగార్‌కు పురుగు పట్టిందంటే పక్కవాటి కడుపుల్లో గుడ్లు ఉన్నట్టే.

బీదర్ శివారులో, చిద్రి దాటాక ఉంది ఆ రిసార్ట్. దాని యజమాని సంగమేశ్‌కు ఈత కొలను కంటే, పెళ్లిళ్ల హాలు కంటే సిగార్ గది అంటే ప్రాణం. ఎర్రరాతి గోడల చిన్న గది. కిటికీ అన్నది లేదు. అద్దం తలుపు, దాని అంచుల వెంట గాలి చొరకుండా రబ్బరు పట్టీ. లోపల తోలు కుర్చీలు, గోడకు దేవదారు బీరువా, బీరువా అడుగున నీళ్ల తొట్టి. తేమ తగ్గితే సిగార్ పైపొర పగులుతుంది, ఎక్కువైతే బూజు పడుతుంది. ఆ తేమను కాపాడటం, ఏ సిగార్‌కు ఏ మందు జోడీ కుదురుతుందో అతిథులకు చెప్పడం నవనాథ్ ఉద్యోగం. హైదరాబాద్‌లో పెద్ద హోటల్లో నేర్చుకున్న విద్య.

పురుగుకు మందు అతనికి తెలుసు. సిగార్లన్నీ సంచుల్లో బిగించి కొన్నాళ్లు డీప్ ఫ్రీజర్లో పెట్టాలి. కానీ వంటింటి ఫ్రీజర్ నిండా ఆదివారం విందుకు తెచ్చిన మటన్ ఉంది. ఖాళీ చెయ్యమంటే వంట మాస్టర్ ఎందుకని అడుగుతాడు, ఆ సాయంత్రానికే సంగమేశ్ చెవిన వేస్తాడు. ఆదివారం వస్తున్నది చంద్రప్ప. గుల్బర్గాలో పప్పు మిల్లుల యజమాని. రిసార్ట్‌లో సగం వాటా తీసుకుంటానని ఊగుతున్న మనిషి. సిగార్ అంటే చెవి కోసుకుంటాడు. అందుకే సంగమేశ్ వారం నుంచి ఒకటే పాట: "నవనాథ్, గా బీర్వాను నీ పానం లెక్క సూసుకో. తేడా వస్తే మల్ల గేటు లోపట కనవడకు."

చిల్లులున్నవాటిని ఏరి పారేశాడు నవనాథ్. మిగిలినవాటిని మెత్తటి బట్టతో తుడిచి, బీరువా మూసి, ఎవరికీ చెప్పకూడదనుకున్నాడు.

ఇంటికి వచ్చి చెప్పాడు.

చిద్రిలో వాళ్లది రెండు గదుల అద్దె ఇల్లు. భార్య భాగ్యజ్యోతి జొన్నరొట్టె, పుంటికూర పప్పు వడ్డించింది. ఎదురుగా గాలయ్య కూర్చున్నాడు. గాలయ్య అతనికి మేనమామ, పిల్లనిచ్చిన మామ. తండ్రి పోయిన నవనాథ్‌ను సంతపూర్‌లో తన ఇంట్లో పెట్టుకుని, భుజాల మీద మోసి పెంచినవాడు. మోకాళ్లు అరిగి పొలం కౌలుకిచ్చాక నవనాథే మాట సాయం చేసి రిసార్ట్‌లో తోటపని ఇప్పించాడు.

"ఏంది అల్లుడా, రొట్టెను సూస్తున్నవ్ గని తింటలేవ్?"

"సిగార్లకు పురుగు వడ్డది మామా."

"తంబాకుకు గూడ పురుగు వడ్తదా? గంత ఘాటు మీద అదెట్ల బతుకుతది?"

"బతుకుతది. మాలిక్‌కు తెలిస్తే నా నౌకరీ ఖతం. నువ్వు ఎవ్వలకు జెప్పకు."

భాగ్యజ్యోతి పకపకా నవ్వింది. "నాయినకా జెప్తున్నవ్? సంతపూర్ బస్సెక్కినోళ్లందరికి మనింట్ల ఏం కూరనో ఎరుకే."

"ఊకో బిడ్డా. అల్లుని నౌకరీ ముచ్చట నేను బైటేస్తనా?" గాలయ్య కోపం నటించి, అల్లుడి వైపు వంగాడు. "కందులల్ల వడ్తది సూడు, గదే పురుగా?"

"గా జాతిదే."

"ఓస్! గింత దానికి గంత పరేశానెందుకు?" అని గాలయ్య ఇంకో రొట్టె తుంచాడు. తనకు ధైర్యం చెబుతున్నాడనుకున్నాడు నవనాథ్. పెద్దవాళ్లు అంతే కదా, అనుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే సంగమేశ్ అతన్ని హైదరాబాద్ తరిమాడు. చంద్రప్పకు పొగచూరిన రుచి ఉండే స్కాచ్ కావాలట. నవనాథ్ బీరువా తాళంచెవిని బార్‌లోని కొక్కానికి తగిలించి బయల్దేరాడు. ఆ స్కాచ్ దొరికేసరికి రాత్రయింది, అక్కడే ఆగిపోయాడు. ఆదివారం తిరుగు ప్రయాణంలో జహీరాబాద్ దగ్గర కుండపోత వాన. రోడ్డు మీద లారీ అడ్డం తిరిగి ఆగిపోయింది. అతిథి రాకముందే చేరి బీరువా మరోసారి చూసుకుందామనుకున్నవాడు, ఒళ్లంతా తడిసి రిసార్ట్ చేరేసరికి సాయంత్రం అయిపోయింది.

"ఎప్పుడో వచ్చిండ్రన్నా," అన్నాడు బార్‌లో మందు పోసే నాగేశ్. "రమ్ముతోని మొదలువెట్టిండ్రు. సిగార్ గదిలనే కూసున్నరు. నీ కోసం మాలిక్ అగ్గి మీద గుగ్గిలమైతుండు."

నవనాథ్ కోటు మార్చుకుని, సీసా పట్టుకుని సిగార్ గదిలోకి వెళ్లాడు. గుప్పున పొగ. పొగను లాగే ఫ్యాన్ ఆగి ఉంది. తేమ కూడా లాగేస్తుందని సంగమేశ్ దాన్ని ఎప్పుడూ తిరగనివ్వడు. బీరువా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, చూపించుకోవడానికి. నవనాథ్ కళ్లు ముందు సిగార్ల మీదికి పోయాయి. పురుగు లేదు. ఒక్కటి కూడా లేదు. ఊపిరి పీల్చుకున్నాడు.

"రా రా నవాబు సాబ్," అన్నాడు సంగమేశ్. "మేం ముసలోళ్లమైనంక వస్తవనుకున్న."

చంద్రప్ప నవ్వాడు. భారీ మనిషి, మెడలో రుద్రాక్ష, వేళ్లకు ఉంగరాలు. "తిట్టకు సంగమేశా. వానల గూడ సీసను సంటిపిల్ల లెక్క వట్టుకొచ్చిండు. పొయ్యవయ్యా."

నాగేశ్ వచ్చి సీల్ విప్పి గ్లాసుల్లో పోశాడు. నవనాథ్ ఒక్కో బొట్టు నీళ్లు కలిపాడు. కొత్త సిగార్ మొన కత్తిరించి, మంటకు తాకీ తాకకుండా తిప్పుతూ చివర ఎర్రబడేదాకా కాల్చి అందించాడు. "ముందుగాల ఒక గుటక, సార్. దాన్ని నాలిక మీద నిలవెట్టి, గప్పుడు పొగ గుంజుండ్రి. మింగొద్దు. నోట్లనే తిప్పుండ్రి."

ఆ గదిలో ఒక ఆట ఉంది. సంగమేశ్ పెట్టిన ఆట. పొగ నోట్లో పట్టి, ఏం వాసన యాదికొస్తే అది చెప్పాలి. సిగ్గుపడకూడదు. ఒకరు తోలు అంటారు, ఒకరు కాఫీ అంటారు, ఒకాయన తన తాత మంచం అన్నాడు. ఎంత వింత వాసన చెబితే అంత గొప్ప రసికుడు.

"మట్టి," అన్నాడు సంగమేశ్ కళ్లు మూసి. "మొదటి వానకు మా చేను."

చంద్రప్ప పొగ తిప్పి తిప్పి వదిలాడు. కనుబొమలు ముడిచాడు. "ఎల్లిగడ్డ."

"ఏందీ?"

"ఎల్లిగడ్డనయ్యా. దాని ఎనుకనే మురిగిన చేప. మా గోదాం యాదికొస్తాంది."

సంగమేశ్ తొడ చరిచి నవ్వాడు. "శభాష్ చంద్రప్పన్నా! గింత ఖరీదైన సిగార్ల నీకు పప్పు గోదామే దొరికిందా? మనిషిని గుల్బర్గా నుంచి తీస్కరావచ్చు గని గోదాంల నుంచి తియ్యలేం."

నవనాథ్ కూడా మర్యాదకు నవ్వాడు. "గా స్కాచ్‌ల సముద్రం వాసన ఉంటది సార్. శాన మంది చేప అంటరు," అని సర్దిచెప్పాడు. అతని ముక్కు నిండా పొగే ఉంది. ఆ పొగలో ఇంకేముందో వెతకాలని తోచలేదు.

రెండో గుటకకు చంద్రప్ప గ్లాసు కింద పెట్టాడు. "తలకాయ నొస్తాంది. కడుపుల తిప్పుతాంది."

"సిగార్ ఎక్కింది. రమ్ముతోని మొదలువెట్టినవ్ గద," అన్నాడు సంగమేశ్. అని, తన కాలర్ గుండీ తానే విప్పుకున్నాడు. నుదుటి మీద చెమట. ఏసీ గదిలో చెమట.

ఇది నవనాథ్‌కు అలవాటైన సంగతే. ఘాటు సిగార్ గబగబా పీలిస్తే ఎవరికైనా తల తిరుగుతుంది, దానికి చక్కెర మందు. బెల్లం ముక్కలు తెస్తానని బయటికి వచ్చాడు. వరండాలో వాన జల్లు మొహాన కొట్టింది. వంటింటి దాకా వెళ్లి, చల్లటి గాలి పీలుస్తూ తిరిగి వచ్చి అద్దం తలుపు తెరిచాడు.

అక్కడే ఆగిపోయాడు.

వానగాలికి కడిగేసినట్టయిన ముక్కుకు ఆ వాసన చెంపదెబ్బలా తగిలింది. పొగ కాదు. స్కాచ్ కాదు. వెల్లుల్లి. దాని వెనక మురిగిన చేప. అతనికి ఏడెనిమిదేళ్లప్పటి సంతపూర్ ఇల్లు కళ్లముందుకొచ్చింది. కందులు పోసిన అర్ర. మామ పాత రుమాలు గుడ్డలో పురుగుమందు గోలీలు మూటగట్టి గింజల్లో దోపడం, తలుపు సందులకు తడి మట్టి మెత్తడం, పిల్లలనందరినీ బయటికి తోలడం. ఆ తలుపు వారన పడుకున్న కుక్క పొద్దున లేవలేదు. తడి తగిలితే చాలు, ఆ గోలీ విషం గాలిలో కలుస్తుంది. ఇక్కడ బీరువా నిండా తడే.

*ఓస్, గింత దానికి గంత పరేశానెందుకు?*

బెల్లం గిన్నె నేల మీద పడింది. కుర్చీలో చంద్రప్ప ముందుకు వంగి, ఛాతీ పట్టుకుని వాంతి చేసుకుంటున్నాడు.

"బైటికి! లెవ్వుండ్రి, బైటికి రాండ్రి!"

"ఏయ్, దర్వాజ ముయ్యి! తేమంత పోతది!" అని అరిచాడు సంగమేశ్. నాలుక మడతపడుతోంది.

నవనాథ్ తలుపు సందున కుర్చీ అడ్డం పెట్టాడు. చంద్రప్ప చంకల కింద చేతులు వేసి, నేల మీద ఈడ్చుకుంటూ వరండాలోకి లాగాడు. "నాగేశ్! జీప్ తియ్! జల్ది!" మళ్లీ లోపలికి ఉరికాడు. సంగమేశ్ లేవబోయి మోకాళ్ల మీద కూలాడు. "నీ నౌకరీ..." అని ఏదో అనబోయి, నవనాథ్ కోటు మీదే వాంతి చేసుకున్నాడు. అతన్నీ బయటికి లాగాడు.

మూడోసారి ఊపిరి బిగబట్టి వెళ్లాడు. బీరువా ముందు మోకరిల్లి, నీళ్ల తొట్టి ఎత్తి చూశాడు. కింద ఉంది మూట. ఎర్రగళ్ల రుమాలు ముక్క. అటువంటి రుమాలు పొద్దున లేస్తే మామ తలకు చుట్టుకుంటాడు.

ఐసుముక్కల పట్టకారుతో మూటను పట్టుకుని వెనక వాకిట్లోంచి బయటికి తెచ్చాడు. గోడ వారన రేకు చూరు కింద పెట్టి, దాని మీద ఖాళీ పూలకుండీ బోర్లించాడు. ఎవరూ తాకకూడదని బోర్లించాడా, ఎవరూ చూడకూడదని బోర్లించాడా, ఆ క్షణాన అతనికే తెలియలేదు.

జీప్ కదులుతుంటే గాలయ్య వానలో పరుగెత్తుకొచ్చి వెనక ఎక్కాడు. "అయ్యో, గంత తాగిండ్రా?" అని చంద్రప్ప తల ఒడిలో పెట్టుకుని, రుమాలుతో మూతి తుడిచాడు. అదే ఎర్రగళ్ల రుమాలు. దాని ఒక మూల చింపి ఉంది.

నవనాథ్ మొహం తిప్పుకున్నాడు. ఊరి దీపాలు వానలో కరిగిపోతూ వస్తున్నాయి. చెప్పకుండా ఉంటే ఎవరికీ తెలియదు. కుండీ కింది మూటను రేపు తీసి పాతెయ్యొచ్చు. చెబితే, ఈ ముసలాయన చేతులకు బేడీలు.

ఆస్పత్రిలో చిన్నవయసు డాక్టర్ ఎదురొచ్చింది. పేరు లీయా. ఇద్దరినీ మంచాల మీదికి చేర్చి, నాడి పట్టి, మొహం ముడుచుకుంది. "ఏం తాగిండ్రు?"

సంగమేశ్ ఇంకా స్పృహలో ఉన్నాడు. వేలెత్తి నాగేశ్‌ను చూపించాడు. "మందు... కల్తీ. సీస మార్చిండు. వాన్ని వట్టుకోండ్రి."

ఆస్పత్రి గేటు దగ్గర కాపలా ఉండే కానిస్టేబుల్ ఆ మాట విన్నాడు. వచ్చి నాగేశ్ మెడ మీద చెయ్యి వేశాడు. నాగేశ్ మొహం పాలిపోయింది.

"అన్నా! నువ్వుంటనే సీల్ ఇప్పిన గద! నీ ముందటనే వోసిన గద! జెప్పన్నా!"

నవనాథ్ చూపు మామను వెతికింది.

"కల్తీ మందైతే ఇంత తొందరగ పడిపోరు," అంది లీయా, సగం తనలో తాను. "గుండె లయ తప్పుతాంది, బీపీ దొరుకుతలేదు. ఇంకేం జరిగింది అక్కడ? ఏం తెలియకుంట ఏ మందు వెయ్యాలె నేను?"

గోడ వారన బెంచీ మీద గాలయ్య తడి పంచె పిండుకుంటున్నాడు. అల్లుడు తనవైపు చూడగానే, ఫికర్ లేదన్నట్టు తల ఊపాడు.

నవనాథ్ డాక్టర్ వైపు తిరిగాడు. "మందు కాదు డాక్టరమ్మా. నాగేశ్‌ను ఇడిసివెట్టుండ్రి. పప్పులల్ల పురుగుకు పెట్టే గోలీ. బీర్వాల ఉండె. తలుపులు మూసుకుని గా గాలి వీల్చిండ్రు."

లీయా ఒక్క క్షణం అతన్నే చూసింది. వెంటనే లోపలికి కేకలు. "కిటికీలన్ని తెరవండి! వాళ్ల బట్టలు తీసెయ్యండి! ఆక్సిజన్! గుండె మానిటర్ పెట్టండి!" మళ్లీ ఇటు తిరిగింది. "ఎవరు పెట్టిండ్రు?"

"నేనే."

అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో! వచ్చాక కాస్త తేలికగా కూడా అనిపించింది. కానిస్టేబుల్ చెయ్యి నాగేశ్ మెడ మీంచి లేచి నవనాథ్ భుజం మీద వాలింది.

"ఎన్ని?" అంది లీయా.

"ఆ?"

"గోలీలు ఎన్ని పెట్టినవ్? ఎప్పుడు పెట్టినవ్? ఎంతసేపు మూసి ఉండె?"

"రెండు... మూడో..."

"రెండా, మూడా? నిన్ననా, మొన్ననా? నీకు ఎరుకైనట్టు జెప్తున్నవా, అందాజుకు జెప్తున్నవా?" ఆమె గొంతు పెరిగింది. "ఎంత విషం లోపలికి పోయిందో తెలిస్తేనే ఇక్కడ ఆపాలా, ఇప్పుడే హైదరాబాద్ తోలాలా అన్నది చెప్పగలుగుత. ఆ పెద్దాయనకు తొవ్వలనే గుండె ఆగొచ్చు. ఊరికెనే పంపలేను, ఊరికెనే ఆపలేను. జెప్పు!"

నవనాథ్‌కు తెలియదు. తన నేరం గురించి తనకే ఏమీ తెలియదు. లోపలినుంచి చంద్రప్ప మూలుగు వినబడింది. ఆ మూలుగుకూ బెంచీ మీద ఉన్న ముసలాయనకూ మధ్య నిలబడి నవనాథ్ కళ్లు మూసుకున్నాడు. తర్వాత తెరిచి, జీవితంలో ఎప్పుడూ మాట్లాడనంత మెల్లగా అడిగాడు.

"మామా. బీర్వాల గోలీలు ఎన్ని వెట్టినవ్?"

గాలయ్య మొహం వెలిగింది. ఎప్పుడడుగుతారా అని ఎదురుచూస్తున్నవాడిలా లేచి నిలబడ్డాడు.

"డబ్బల ఉన్నయన్ని వెట్టిన అల్లుడా, పది. నిన్న పగటిపూట, కొక్కెంకున్న తాళంచెవి తీస్కొని తొట్టి కిందికి దోపిన, ఎవ్వలకు కనవడకుంట. నువ్వు జెప్పొద్దన్నవ్ గద, జెప్పలె." చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "పురుగు సచ్చిందా?"



"పది," అంది లీయా. "నిన్నటి పగటి నుంచి." ఇంకేమీ అనకుండా లోపలికి పరుగెత్తింది. ఫోన్‌లో ఆమె గొంతు వినబడింది: అంబులెన్స్, వెంట ఒక డాక్టర్, దారి పొడుగునా మానిటర్.

గాలయ్య చూపు అల్లుడి భుజం మీదున్న కానిస్టేబుల్ చేతి మీద ఆగింది. అక్కణ్ణుంచి లోపలి మంచాల మీదికి పోయింది. మొహంలో వెలుగు మెల్లమెల్లగా ఆరిపోయింది. తన రెండు అరచేతులు తిప్పి చూసుకున్నాడు.

"వాళ్లకు... గదే తాకిందా?"

"ఊఁ."

"మనం గోలీ వెడితే అర్రకు తాళమేసి పొలంకు వోతం గదరా," అన్నాడు గాలయ్య. 'అల్లుడా' పోయి, చిన్నప్పటి 'రా' వచ్చింది. "గింజలున్న అర్రల తలుపేసుకుని కూసుని సంబురం జేస్కునేటోళ్లను నేనేడ సూడలె. లోపట మనుషులు కూసుంటరని నాకేమెరుక? నేను బైట చెట్లకు నీళ్లువోసేటోన్ని. గా దర్వాజ మూసేది ఎన్నడు సూసిన్నా?"

నవనాథ్ అతన్ని పట్టుకుని కుళాయి దగ్గరికి నడిపించాడు. "మొదలు చేతులు కడుక్కో మామా." తనే సబ్బు రాసి, ఆ మొద్దుబారిన వేళ్లను ఒక్కొక్కటిగా రుద్దాడు. గాలయ్య చిన్నపిల్లవాడిలా చేతులు అప్పగించి నిలబడ్డాడు.

అంబులెన్స్ గుమ్మం దాకా వచ్చి ఆగింది. చంద్రప్పను ఎక్కించారు. నోటి మీద ఆక్సిజన్ మాస్కు, పక్కన మానిటర్‌లో పచ్చటి గీత ఎగుడుదిగుడుగా పరుగెడుతోంది. తలుపు మూసేముందు లీయా నవనాథ్‌ను చూసి, "సంగమేశ్ బతుకుతడు. ఈయన సంగతి తెల్లారితే గని చెప్పలేను," అంది. బండి కూత వానలో చాలాసేపు వినబడింది.

నాగేశ్ బెంచీ మీద కూలబడి ఏడుస్తున్నాడు. కానిస్టేబుల్ జేబులోంచి కలం తీశాడు. గాలయ్య ముందు నిలబడి, కటువుగా కాదు, అలవాటుగా అడిగాడు. "హెసరు?"

పేరు అడుగుతున్నాడని గాలయ్యకు తెలుసు, ఆ కన్నడ ముక్క విన్నదే. ఆఫీసుల్లో అందరూ మొదట అడిగేది అదే. అయినా అనుమతి కోసమన్నట్టు అల్లుడి వైపు చూశాడు.

"జెప్పు మామా."

గాలయ్య చెప్పాడు. తండ్రి పేరు చెప్పాడు. సంతపూర్ అన్నాడు, ఔరాద్ తాలూకా అన్నాడు.

"దాని కింద నా పేరు గూడ రాయుండ్రి," అన్నాడు నవనాథ్.

"నువ్వు వెట్టలేదు గద? జరసేపు కింద అబద్ధమాడినవని తెలిసింది గద?"

"పురుగు వడ్డదని దాచిపెట్టింది నేను. ఎవ్వలకు జెప్పకుమని జెప్పింది నేను."

కానిస్టేబుల్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కలం కాగితం మీద ఆనించాడు. నవనాథ్ చొక్కాలోంచి ఇంకా ఆ వాసన వస్తూనే ఉంది. సిగార్, స్కాచ్, వాటి అడుగున వెల్లుల్లి.